మార్గెరీటా హట్‌కు హిమానీనదం మీదుగా: నా అనుభవం

హనుమకొండ పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కడానికి నాకు మొదటి రోజు ఎంతసేపు పట్టిందో, మూడు నెలల తరువాత ఎంతసేపు పట్టిందో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను. వీపున బ్యాగు, అందులో పది కిలోల బియ్యం, తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరడం, వారానికి నాలుగు రోజులు ఇదే పని. ఎండాకాలం మధ్యలో కూడా మానలేదు. నిమిషాలు తగ్గుతున్న కొద్దీ నా మీద నాకు గౌరవం పెరిగింది. తీరా హిమానీనదం మీద నన్ను చిక్కుల్లో పడేసింది ఆ నోటుపుస్తకమే.

నేను హనుమకొండలో జూనియర్ కాలేజీలో గణితం చెప్తాను. వయసు నలభై ఏడు. నా బామ్మర్ది ఇటలీలోని టూరిన్‌లో ఇంజనీరుగా పని చేస్తున్నాడు. చిన్నప్పుడు రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో నా వెంట తిరిగినవాడే. రెండేళ్ల కింద ఫోన్‌లో, "బావా, ఇక్కడ ఓ కొండ కొసన ఇల్లు కట్టిండ్రు, మనిద్దరం పోదాం, రా," అన్నాడు. అతను చెప్పిన ఇల్లు ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మోంటే రోసా పర్వతం మీద, 4,554 మీటర్ల ఎత్తున ఉన్న మార్గెరీటా హట్. యూరప్‌లోని పర్వత విడిదుల్లో అన్నిటికన్నా ఎత్తైనది అదే. 1893లో ఇటలీ రాణి మార్గెరీటా స్వయంగా అక్కడికి వెళ్లింది, హట్‌కు ఉన్నది ఆమె పేరే. ఇప్పుడున్న కట్టడం 1980లో లేచినది, చెక్కకు పైన రాగి రేకు తొడిగిన పెట్టెలా ఉంటుంది. మా వరంగల్ సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల లోపే ఉంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే నాకు గుబులు పుట్టి ఉండాల్సింది.

ఎండాకాలం సెలవుల్లో పోవడం కుదరలేదు, ఎందుకంటే ఆ హట్‌లో సిబ్బంది ఉండేది ఉజ్జాయింపుగా జూన్ చివరి నుంచి సెప్టెంబరు తొలి రోజుల వరకే. కాబట్టి జులైలో సెలవు పెట్టాను. మా అమ్మ, "గంత సలిల నీకేం పని బిడ్డా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కిందని, ఆమె కూడా భువనగిరి బండ మీదనే తాడు పట్టడం నేర్చుకుందని చెప్పి చూశాను. "ఆ పిల్ల పిల్ల, నువ్వు షుగరు మనిషివి," అన్నది అమ్మ. నాకు షుగరు లేదు, అంచున ఉన్నదని డాక్టరు ఒకసారి అన్నాడంతే.

కాగితాల పని గురించి ఒక్క విషయం చెప్పి వదిలేస్తాను. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నేను మొదట కొన్న పాలసీతో వీసా వచ్చేసింది, నేను నిశ్చింతగా ఉన్నాను. బయలుదేరే పది రోజుల ముందు పాలసీ కాగితం మొత్తం చదివితే, తాడు కానీ గైడు కానీ అవసరమైన పర్వతారోహణకు ఈ బీమా వర్తించదని పద్నాలుగో పేజీలో ఒక్క వాక్యం కనబడింది. అమ్మినవాళ్లకు నేను ఎక్కడికి వెళ్తున్నానో స్పష్టంగా చెప్పినా ఈ మాట మాత్రం వాళ్లు ఎత్తలేదు. హెలికాప్టర్‌తో రక్షించే ఖర్చు కూడా కలిసిన వేరే పాలసీ మళ్లీ కొనవలసి వచ్చింది. వీసాకు పనికొచ్చే బీమా వేరు, కొండకు పనికొచ్చే బీమా వేరు అని మా దోస్తులందరికీ చెప్తున్నాను.

గైడును బామ్మర్ది ఏప్రిల్‌లోనే మాట్లాడి పెట్టాడు. అంతర్జాతీయ పర్వత గైడుల సమాఖ్య బ్యాడ్జీ ఉన్న మనిషే కావాలని పట్టుబట్టాడు, అది మంచి పని. మాతో పాటు ఒక జర్మన్ ఆవిడ కూడా చేరడంతో ముగ్గురికి ఒక గైడు అయ్యాడు, ఖర్చు మూడు వాటాలయింది. హట్‌లో పడకలు కూడా నెలల ముందే చెప్పి పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ ఉన్నవి డెబ్బై దాకానే.

టూరిన్ నుంచి లిస్ లోయ మీదుగా గ్రెస్సొనే చేరుకున్నాం. ఆ లోయలో వందల ఏళ్ల కింద వచ్చి స్థిరపడిన వాల్సర్ అనే జనం ఉన్నారు, ఇటలీలో ఉంటూ జర్మన్‌కు చుట్టమైన యాస మాట్లాడుతారు, పునాది రాయితోనూ పై అంతస్తు మొద్దులతోనూ కట్టిన వాళ్ల ఇళ్లు దారి పొడుగునా కనిపిస్తాయి. మేం వాటిని చూసిన సమయం కన్నా సామాను అద్దెకిచ్చే దుకాణంలో గడిపిన సమయమే ఎక్కువ. నేను హనుమకొండ నుంచి తెచ్చుకున్న ట్రెకింగ్ బూట్లను దుకాణదారు చేతిలోకి తీసుకొని, మడిమను ఒక చేత్తో, ముందు భాగాన్ని ఇంకో చేత్తో పట్టి జొన్నరొట్టెను మడిచినట్టు మడిచి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేశాడు. క్రాంపాన్ అంటే బూటు అడుగున బిగించుకునే ఇనుప ముళ్ల చట్రం. బూటు అడుగు అట్లా వంగితే నడుస్తుండగానే అది ఊడిపోతుంది. అందుకని వంగని గట్టి బూట్లు, క్రాంపాన్లు, ఐస్ యాక్స్, నడుముకు కట్టుకునే హార్నెస్, హెల్మెట్, పిక్కలకు తొడుక్కునే గేటర్లు అద్దెకు తీసుకున్నాను. కళ్లద్దాలు మాత్రం కొనుక్కోక తప్పలేదు. పక్కల నుంచి కూడా వెలుతురు దూరని నల్లటివి అవి. మంచు మీద నుంచి తిరిగి కొట్టే ఎండకు మామూలు చలువ అద్దాలు చాలవు.

ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి రెండు రోజులు కేటాయించుకున్నాం. రోప్‌వేలో గాబియెట్ దాకా, అక్కడి నుంచి 2,936 మీటర్ల సలాటి కనుమ దాకా వెళ్లి, కాసేపు తిరిగి, రాత్రికి కిందికి వచ్చి పడుకున్నాం. ఇంకో రెండు రోజులు ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను, కానీ నాకున్నది పదిహేను రోజుల సెలవు మాత్రమే.

మూడో రోజు 3,275 మీటర్ల ఇండ్రెన్ దగ్గర రోప్‌వే దిగితే గైడు ఎదురుచూస్తున్నాడు. అరవైకి దగ్గరగా ఉన్న మనిషి, మెడ వెనుక చర్మం ఎండకు ఎండిన చింతకాయ తొక్కలా ఉంది. మొదటి మజిలీ 3,647 మీటర్ల ఎత్తులోని నిఫెట్టి హట్. దారి పలుచటి మంచు మీదుగా, ఆ తరువాత లావాటి తాళ్లు బిగించి ఉన్న ఒక రాతి మలుపు మీదుగా సాగుతుంది. అప్పటికి మమ్మల్ని తాడుతో కట్టలేదు. "పియానో, పియానో," అన్నాడు గైడు. మెల్లగా, మెల్లగా అని ఇటాలియన్‌లో అర్థం. నేను విన్నాను. విని కూడా, పద్మాక్షి గుట్ట కాళ్లలో ఉండడం వల్ల, ముందున్న అడుగుజాడలు పట్టుకొని సర్రున ఎక్కేశాను. బామ్మర్ది, జర్మన్ ఆవిడ, గైడు నిఫెట్టి హట్ చేరేసరికి నేను చెక్క బల్ల మీద కూర్చొని సగం టీ తాగి ఉన్నాను. గైడు నా ముఖం వైపు ఒకసారి, టీ కప్పు వైపు ఒకసారి చూసి, ఎంతసేపట్లో వచ్చావని అడిగాడు. గర్వంగా చెప్పాను. "అయితే ఈ రాత్రి నువ్వు నిద్రపోవు," అన్నాడు, బూటు లేసులు విప్పుకుంటూ.

సాయంత్రం హట్ పక్కనే సాధన చేయించాడు. క్రాంపాన్ వేసుకొని వాలు మీద పాదం పక్కకు పెట్టకుండా, అన్ని ముళ్లూ ఒకేసారి మంచులో దిగేలా చదునుగా దింపాలి. రెండు పాదాల నడుమ జానెడు ఎడం ఉంచాలి, లేకుంటే కుడికాలి ముల్లు ఎడమ గేటర్‌కు తగులుకొని బోర్లా పడతాం. నాకు గేటర్ రెండుసార్లు తగిలింది. తాడు విషయంలో మూడు మాటలు చెప్పాడు, వాటినే పదేపదే చెప్పాడు. తాడును ఎప్పుడూ తొక్కకూడదు, ముళ్లతో పోగు తెగుతుంది. మనిషికీ మనిషికీ మధ్య తాడు కొద్దిగా బిగువుగా ఉండాలి, చుట్టలుగా చుట్టి చేతిలో పట్టుకోకూడదు. ఎవరైనా హిమానీనదం మీది మంచు పగులులో పడితే మిగిలినవాళ్లు చూడకుండా, ఆలోచించకుండా వెంటనే వెనక్కు కూర్చోవాలి. మనిషికీ మనిషికీ మధ్య అంత దూరం ఎందుకు అని నేను అడిగాను. మంచు పగులు వెడల్పు కన్నా తాడు పొడవు ఎక్కువగా ఉంటేనే ఇద్దరూ ఒకే పగులులో పడకుండా ఉంటారని చెప్పాడు. లెక్కల మాస్టరునై ఉండి, నేను అడగకుండానే గ్రహించాల్సింది.

గైడు మాటే నిజమైంది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వెంట తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో 94కు తగ్గితే ఇంట్లో అందరం వణికిపోయేవాళ్లం. ఇక్కడ పక్క మీద పడుకొని వేలికి పెట్టుకుంటే 83 చూపించింది. బామ్మర్దికి 89. కణతల మీద ఎవరో రోకలితో దంచుతున్నట్టు తలనొప్పి. పదిమంది పడుకున్న గదిలో దొర్లడానికి కూడా చోటు లేదు. ఎత్తు పడకపోతే వాడమని ఊరిలో డాక్టరు ఇచ్చిన డయామాక్స్ మాత్ర సగం వేసుకున్నాను. సల్ఫా మందులు పడనివాళ్లు అది వాడకూడదని ఆయన ముందే హెచ్చరించి, ఇంటి దగ్గర ఒకరోజు వేసి చూడమన్నాడు కాబట్టి ధైర్యంగా వేసుకోగలిగాను.

మూడున్నరకు లేపారు. నాలుగున్నరకు హెడ్‌ల్యాంప్ వెలుతురులో తాడు కట్టాడు. ముందు గైడు, ఆయన వెనుక నేను, తరువాత జర్మన్ ఆవిడ, చివర బామ్మర్ది. అందరికన్నా బలహీనుడిని గైడు తన వెనుకే పెట్టుకుంటాడని నాకు తరువాత తెలిసింది. అంత పొద్దున్నే బయలుదేరడానికి కారణం పగుళ్లే. పగులు మీద మంచు కప్పు వంతెనలా పేరుకుంటుంది. రాత్రి చలికి అది గట్టిపడి మనిషి బరువు మోస్తుంది, ఎండ ఎక్కితే మెత్తబడి కూలుతుంది. హట్ దాటిన కొద్దిసేపటికే లిస్ హిమానీనదం మీద మొదటి పెద్ద పగులు వచ్చింది. గైడు ఐస్ యాక్స్ పిడితో ముందు నాలుగుచోట్ల పొడిచి, ఒక పెద్ద అడుగు వేసి అవతలికి చేరి, నన్ను రమ్మన్నాడు. దాటుతూ కిందికి చూశాను. ఎండిపోయిన వ్యవసాయ బావి అంచున నిలబడి లోపలికి వంగినట్టు అనిపించింది, కాకపోతే బావిలో అడుగున చీకటి ఉంటుంది, ఇందులో చీకటికి ముందు హెడ్‌ల్యాంప్ కింద లేత నీలం, దాని కింద ముదురు నీలం ఉన్నాయి. లోపలి నుంచి వచ్చే చల్లగాలి ముఖానికి తగిలింది. ఆ తరువాత నేను ఏ పగులులోకీ చూడలేదు.

ఆయన నడక గురించి చెప్పాలి. అంత మెల్లగా నడిచే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఒక అడుగు వేస్తాడు, వెనుక కాలు తిన్నగా చేసి బరువంతా ఎముక మీద మోపి ఒక క్షణం ఆగుతాడు, మళ్లీ అడుగు. ఆగడు, వేగం పెంచడు, వాలు నిలువుగా అయితే అడుగు చిన్నది అవుతుంది తప్ప తాళం మారదు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు గంటల తరబడి అలిసిపోకుండా వేసే అడుగు గుర్తుకొచ్చింది. మొదటి అరగంట నాకు చిరాకు వేసింది. తాడు మాటిమాటికీ నా కాళ్ల దగ్గర కుప్ప పడుతుంటే ఆయన వెనక్కి తిరగకుండానే తాడును ఒక్కసారి విదిలించేవాడు, అంటే నువ్వు ఎక్కువ దగ్గరికి వచ్చావని అర్థం. గంట గడిచేసరికి ఆ నడకే నాకు ఎక్కువైంది. ఊపిరి అందడం మానేసింది.

తెల్లవారింది. కుడివైపు బాల్మెన్‌హార్న్ రాతి మీద, 4,167 మీటర్ల ఎత్తున, క్రీస్తు విగ్రహం మంచులో నిలబడి ఉన్నట్టు కనిపించింది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేను ఐస్ యాక్స్ మీద నుదురు ఆనించి నిలబడ్డాను. మరికొంత పైన నాకు వాంతి అయింది. పొద్దున తాగిన టీ మొత్తం మంచు మీద పడింది. గైడు తాడు చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి, నా పేరు, ఈ రోజు వారం, మా ఊరి పేరు అడిగాడు. అన్నీ సరిగానే చెప్పాను. తిన్నగా పది అడుగులు నడిచి చూపించమన్నాడు. నడిచాను. అప్పుడు అన్న మాట నేను ఊహించనిది: లిస్ కనుమ మీదికి ఎనిమిదిన్నర లోపు చేరకపోతే అందరం తిరిగి పోతాం, నువ్వు తూలితే ఇప్పుడే అందరం తిరిగి పోతాం. గైడు ఒక్కడే, తాడు ఒక్కటే, నన్ను మధ్యలో వదిలి వాళ్లు పైకి పోలేరు. వెనుక ఏడాది పొడుగునా డబ్బు దాచుకొని వచ్చిన ఆవిడ నిలబడి ఉంది. నాలుగు నెలలుగా ఈ ప్రయాణం కోసమే బతికిన నా భార్య తమ్ముడు ఆమె వెనుక ఉన్నాడు. ముందు రోజు నేను మిగిల్చుకున్న అరగంటకు ఇప్పుడు వాళ్లిద్దరు వెల చెల్లించబోతున్నారు. బామ్మర్ది మాత్రం, "తిరిగి పోదామన్నా నాకు ఫరక్ పడదు బావా," అని అరిచాడు. ఫరక్ పడుతుందని ఇద్దరికీ తెలుసు.

గైడు నన్ను ఊపిరి ఎట్లా వదలాలో చూపించాడు, పీల్చడం గురించి కాదు, పెదవులు సున్నాలా చుట్టి గట్టిగా బయటికి ఊదడం గురించి. ఒక అడుగు, ఒక ఊదు. బ్యాగు పైఅరలో అమ్మ కట్టిచ్చిన సకినాలు ఉన్నాయి. విమానంలోనూ రోప్‌వేలోనూ నలిగి సగం పొడి అయ్యాయి, కానీ చాక్లెట్ గడ్డకట్టి రాయిలా పంటికి లొంగని ఆ చలిలో అవి మామూలుగానే పటపట విరిగాయి. రెండు ముక్కలు నమిలి నీళ్లు తాగితే కడుపులో నిలిచింది. నువ్వులు, వాము, ఉప్పు. తీపి చూస్తేనే వెగటు పుట్టే ఆ ఎత్తులో వాము వాసన ఎంత మేలు చేస్తుందో మా అమ్మకు తెలిసి ఇవ్వలేదు, ఎప్పుడూ ఇస్తుంది కాబట్టి ఇచ్చింది.

ఏడు యాభైకి లిస్ కనుమ చేరాం. అక్కడి నుంచి దారి కొంత కిందికి దిగి స్విట్జర్లాండ్ వైపున్న గ్రెంజ్ హిమానీనదం మీదికి పోతుంది. దేశం మారినట్టు చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. ఎక్కిన ఎత్తును దిగడం మనసుకు నొప్పిగా ఉంటుంది, తిరిగి ఎక్కాలి కాబట్టి. ఆ తరువాతి రెండున్నర గంటల గురించి నాకు గుర్తున్నది గైడు బూటు మడిమ, దాని మీది ఎరుపు గీత మాత్రమే. నిఫెట్టి కనుమ దాటిన తరువాత చివరి వాలు నిటారుగా ఉంది. పది ఇరవైకి ఐస్ యాక్స్ పిడి మంచుకు బదులు చెక్క మెట్టుకు తగిలి టక్కున మోగింది.

మార్గెరీటా హట్‌లోకి అడుగు పెట్టగానే బూట్లు విప్పి, గోడ అరలోంచి రబ్బరు చెప్పులు తీసుకొని వేసుకోవాలి. అదే అక్కడి మొదటి నియమం. తాగే నీళ్లు సీసాలలో కొనుక్కోవలసిందే. భోజనంలో సూపు, పాస్తా ఇచ్చారు. అంత ఎత్తున నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేకుండా అన్నం పలుకుగానే మిగులుతుంది. ఇది తెలిసి కూడా నాకు పచ్చిపులుసు, అన్నం మీదనే ధ్యాస పోయింది. ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదానిలో అరవై శాతం లోపే. 1894లోనే టూరిన్‌కు చెందిన ఆంజెలో మొస్సో అనే శరీరధర్మ శాస్త్రవేత్త మనిషి ఒంటి మీద ఎత్తు ప్రభావాన్ని ఈ హట్‌లోనే పరిశోధించాడు, ఇప్పటికీ ఇక్కడ వైద్య పరిశోధనలు జరుగుతుంటాయి. కింది నిఫెట్టి కనుమ మంచును తొలిచి తీసిన స్తంభాల్లో సహారా ఎడారి దుమ్ము పొరలు దొరికాయని బామ్మర్ది చెప్పాడు. హట్ నిలబడి ఉన్న ఈ శిఖరాన్ని 1842లో మొదట ఎక్కినవాడు అలాన్యా ఊరి చర్చి పూజారి జొవాన్నీ నిఫెట్టి. కనుమకూ కింది హట్‌కూ ఉన్న పేరు ఆయనదే.

మధ్యాహ్నం మబ్బు విడిచినప్పుడు బామ్మర్ది నన్ను బయటి చెక్క అరుగు మీదికి తీసుకుపోయాడు. పక్కన 4,634 మీటర్ల డుఫోర్ శిఖరం, పడమర లిస్కమ్ అంచు, దాని వెనుక మాటర్‌హార్న్ కొస. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తూర్పు వైపు హట్ కింది నుంచి గోడ నిలువుగా తెగిపోయి ఉంది, అటు చూడాలంటే కమ్మీ పట్టుకోవాలి.

రాత్రి నిద్ర లేదు. ఆక్సీమీటరు 75 చూపించాక దాన్ని బ్యాగులో పెట్టేశాను. కళ్లు మూసుకుంటే ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోయి, ఒక్కసారిగా పెద్దగా మొదలై ఉలిక్కిపడి లేచేవాణ్ని. గైడు రెండుసార్లు వచ్చి టార్చి వెలుతురులో నా పెదవుల రంగు, దగ్గు ఉందా లేదా చూసుకొని పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందా అన్నది ఆయన వెతుకుతున్నదని పొద్దున చెప్పాడు. రాత్రే చెప్పి ఉంటే నాకు గుండె ఆగేది.

ఉదయం ఆరింటికి దిగడం మొదలు పెట్టాం. దిగేటప్పుడు వరుస తిరగబడుతుంది, ముందు బామ్మర్ది, చివర నా వెనుక గైడు. లిస్ కనుమ దాటి దిగుతుంటే తలనొప్పి మెట్టు మెట్టుగా విడిచిపోయింది. ఎండ ఎక్కేకొద్దీ మంచు మెత్తబడి క్రాంపాన్ కింద ముద్దలు కట్టసాగింది. వానాకాలం నల్లరేగడిలో నడిస్తే చెప్పులకు మట్టి పేరుకొని పీట మీద నిలబడ్డట్టు అవుతుందే, అచ్చం అట్లాగే. ప్రతి పది అడుగులకూ ఐస్ యాక్స్ పిడితో బూటు పక్కన తట్టి దులపాలి. నేను ఒక్కసారి దులపడం మరిచాను, కాలు జారబోయి సర్దుకొని పక్కకు అడుగేశాను. ముందు ఇద్దరు దాటిన వంతెనే అది. నా కుడికాలు తొడ దాకా దిగిపోయింది, పాదం కింద ఏమీ తగలలేదు. నేను అరవకముందే నడుము దగ్గర తాడు బిగిసింది. వెనుక గైడు మంచులో మడిమలు దిగేసి కూర్చొని ఉన్నాడు, ముందు జర్మన్ ఆవిడ కూడా చెప్పినట్టే చూడకుండా కూర్చుంది. మోకాలు మడిచి, ఐస్ యాక్స్ అడ్డంగా పెట్టుకొని, పొట్ట మీద పాకుతూ బయటపడ్డాను. అంతా కలిపి నిమిషం కూడా పట్టి ఉండదు. గైడు, "పియానో," అన్నాడు, ఒక్కసారే.

మధ్యాహ్నానికి గ్రెస్సొనే చేరి అద్దె సామాను అప్పగించాం. దుకాణదారు బూట్లు, క్రాంపాన్లు చూసి తలూపాడు. గేటర్‌ను పైకెత్తి వెలుతురులో పట్టి, ఎడమదాని లోపలి పక్కన నా ముల్లు చేసిన మూడు చిరుగుల్లోంచి ఒకదానిలో చూపుడు వేలు దూర్చి మాకు చూపించి, కొత్త జత ధర బిల్లులో కలిపాడు. బామ్మర్ది పర్సు తీయబోతే నేను చెయ్యి పట్టుకొని ఆపి, నేనే కట్టాను.